భారత ఫుట్‌బాల్ జట్టు చరిత్ర, రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

భారత జట్టు మ్యాచ్ ఉన్నప్పుడల్లా, ముఖ్యంగా ఓడిపోయిన మర్నాడు, అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. బూట్లు లేక ప్రపంచకప్ పోయిందా, ఒకప్పుడు ఆసియాలో మనమే గొప్పా, హైదరాబాద్‌కూ ఈ జట్టుకూ ఏమిటి సంబంధం అని అడుగుతుంటారు. వాటన్నిటికీ ఒకచోట జవాబులు ఉంటాయని ఇవి రాశాను. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు. ఈ జట్టు గతాన్ని కొందరు మరీ ఆకాశానికెత్తుతారు, కొందరు మరీ తీసిపారేస్తారు. జరిగింది జరిగినట్టు తెలిస్తే రెండూ అక్కర్లేదు.

## తొలి రోజులు

అసలు భారత జట్టు ఎప్పుడు మొదలైంది? ఎవరు నడుపుతారు?

జట్టును నడిపేది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్ఎఫ్. ఇది 1937లో ఏర్పడింది. 1948లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో సభ్యత్వం వచ్చింది. 1954లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యను (ఏఎఫ్‌సీ) స్థాపించిన దేశాల్లో మనమూ ఉన్నాం. అంతకు ముందు కూడా భారత్ పేరుతో జట్లు విదేశాలకు వెళ్లి ఆడాయి గానీ, స్వతంత్ర దేశంగా మన తొలి పెద్ద టోర్నీ మాత్రం 1948 లండన్ ఒలింపిక్స్.

1948లో ఫ్రాన్స్‌ను దాదాపు ఓడించేశామంటారు, నిజమేనా?

నిజమే. 1948 జులై 31న లండన్ శివారు ఇల్‌ఫర్డ్‌లో ఆ మ్యాచ్ జరిగింది. మన కెప్టెన్ టి. ఆవ్, నాగా కొండల నుంచి వచ్చిన డాక్టర్. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే, కొందరు పాదాలకు బ్యాండేజీ చుట్టుకుని ఆడారు. ఫ్రాన్స్ ముందు గోల్ కొట్టింది. రెండో సగంలో సారంగపాణి రామన్ స్కోరు సమం చేశాడు. చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ మరో గోల్ కొట్టి 2-1తో గెలిచింది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఆ మ్యాచ్‌లో మనకు రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ వృథా అయ్యాయి. ఓటమికి బూట్లు లేకపోవడమే కారణమని చెప్పేవాళ్లు ఈ రెండు పెనాల్టీల సంగతి ఎత్తరు.

బూట్లు లేవని 1950 ప్రపంచకప్‌లో ఆడనివ్వలేదట కదా?

ఈ జట్టు గురించి అందరికంటే ఎక్కువ మంది నమ్మే కథ ఇదే. ఇది సరికాదు.

జరిగింది ఇది. బ్రెజిల్ ప్రపంచకప్‌కు మన క్వాలిఫయింగ్ గ్రూపులో ఉన్న బర్మా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకున్నాయి. దాంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనకు చోటు దక్కింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న గ్రూపులో వేశారు. టోర్నీకి ముందు ఏఐఎఫ్ఎఫ్ తానే తప్పుకుంది. జట్టు ఎంపికలో విభేదాలు, ప్రాక్టీసుకు సమయం చాలకపోవడం అని కారణాలు చెప్పింది. ఓడలో అంత దూరం ప్రయాణం, విదేశీ మారకద్రవ్యం కొరత కూడా అప్పట్లో మాటల్లోకి వచ్చాయి. ప్రయాణ ఖర్చుల్లో ఎక్కువ భాగం నిర్వాహకులే పెట్టుకుంటామన్నారని అంటారు.

అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. అప్పటి మన పెద్దల దృష్టిలో ఒలింపిక్సే అసలు పోటీ. ప్రపంచకప్ విలువ వాళ్లకు తెలియలేదు. వెళ్లి ఉంటే జట్టుకు కెప్టెన్ అయ్యే శైలేన్ మన్నా కూడా ఆ తర్వాత చాలా ఏళ్లకు బూట్ల కథను కొట్టిపారేసి, ఇదే మాట చెప్పాడు. ఆ ఒక్క నిర్ణయం మన ఫుట్‌బాల్‌కు చేసిన నష్టం ఇంతా అంతా కాదని నా గట్టి నమ్మకం. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

మరి బూట్లు ఎప్పుడు తప్పనిసరి అయ్యాయి?

1952 హెల్సింకి ఒలింపిక్స్ తర్వాత. అక్కడ చలిలో, తడి మైదానం మీద యుగోస్లావియా చేతిలో మనం 1-10తో ఓడాం. మన ఒకే ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఆ దెబ్బతో ఏఐఎఫ్ఎఫ్ బూట్లు తప్పనిసరి చేసింది.

## స్వర్ణయుగం

ఎస్.ఏ. రహీం అంటే ఎవరు? ఆయన పేరు ఎందుకు అంతగా చెబుతారు?

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాసి. వృత్తిరీత్యా స్కూలు టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉండి, 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిపించాడు. భారత జట్టుకు 1950 దశకం మొదటి నుంచి 1962 దాకా కోచ్. రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనే వచ్చాయి.

పేరు ఊరికే రాలేదు, పనితనం వల్ల వచ్చింది. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని నిబంధన పెట్టి పోటీలు నడిపేవాడు. కుడికాలి ఆటగాడు ఎడమ కాలితో మాత్రమే బంతిని తన్నాలన్నమాట. డ్రిబ్లింగ్ చేయకుండా పాస్‌లతోనే ఆడే పోటీలూ పెట్టేవాడు. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోవడం గొప్పగా చెల్లే రోజుల్లో ఒకటి రెండు టచ్‌లలో బంతిని వదలడం నేర్పాడు. దేశమంతా వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు ఉండే పాత 2-3-5 పద్ధతిలో ఆడుతుంటే ఒక ఫార్వర్డ్‌ను వెనక్కి దించి ఆడించాడు. క్యాన్సర్‌తో 1963 జూన్ 11న చనిపోయాడు. అప్పటికి జకార్తా స్వర్ణం గెలిచి ఏడాది కూడా కాలేదు.

1951 ఆసియా క్రీడల్లో ఎలా గెలిచాం?

ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలవి. ఇండొనేషియాను 3-0తో, అఫ్గానిస్థాన్‌ను 3-0తో ఓడించి ఫైనల్ చేరాం. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. గోల్ సాహు మేవాలాల్‌ది. కెప్టెన్ శైలేన్ మన్నా. టోర్నీ మొత్తంలో మన వలలో ఒక్క గోల్ కూడా పడలేదు.

1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం అంటే అంత గొప్పా? ఆడింది కొన్ని జట్లే కదా?

జట్లు తక్కువన్నది నిజం. తొలి రౌండ్‌లో హంగరీ తప్పుకోవడంతో మనం ఆడకుండానే క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లాం. అయితే తర్వాత జరిగింది అదృష్టం కాదు. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు అతనే. ఒలింపిక్స్ సెమీస్‌కు చేరిన తొలి ఆసియా జట్టూ మనదే.

సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనమే కొట్టాం, అదీ డిసౌజాయే. నాలుగేళ్ల కిందట 10 గోల్స్ కొట్టిన దేశం మీద కాసేపు ఆధిక్యంలో ఉన్నాం. ఆ తర్వాత 1-4తో ఓడాం. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. డిసౌజా 4 గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్లలో ఒకడిగా నిలిచాడు. కెప్టెన్ సమర్ ‘బద్రు’ బెనర్జీ.

1962 జకార్తా స్వర్ణం గురించి ఇంతగా చెప్పుకోవడానికి కారణం ఏమిటి?

ఈ జట్టు చరిత్రలో ఒక్క మ్యాచ్ గురించే చెప్పమంటే నేను ఎంచుకునేది ఆ ఫైనలే.

ముందు గ్రూప్ దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించాం. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు.

బయటి పరిస్థితి ఇంకా అధ్వానం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండొనేషియా రానివ్వలేదు. మన దేశానికి చెందిన క్రీడా అధికారి జి.డి. సోంధీ దాన్ని బాహాటంగా తప్పుపట్టాడు. జకార్తాలో జనం మన మీద మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్‌కు సెనయన్ స్టేడియం కిక్కిరిసిపోయింది. ఆ జనమంతా మన ఆటగాళ్లను గేలి చేశారు.

రహీం చేసిన పని ఇదీ: తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్‌లో కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. తేరుకున్న తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టాడు. మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. కుట్లు పడిన తలతో, తనది కాని స్థానంలో ఆడిన మనిషి ఫైనల్లో గోల్ కొట్టాడు! ఆట చివర్లో కొరియా ఒక గోల్ కొట్టినా 2-1తో మనమే గెలిచాం. కెప్టెన్ చునీ గోస్వామి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు.

తెలుగువాళ్లు, హైదరాబాదీలు ఎవరెవరు ఆడారు?

1956 ఒలింపిక్స్ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు గుంపుగా ఉన్నారు: తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్. 1962 స్వర్ణ జట్టులో బలరాంతో పాటు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. 1970 ఆసియా క్రీడల కాంస్య జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదే. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వచ్చారు.

వీళ్లలో బలరాం గురించి ఇంకో మాట చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టి పెరిగాడు. పి.కె., చునీ, బలరాం అని మూడు పేర్లూ కలిపే చెప్పేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. అనారోగ్యం వల్ల ఇరవైల్లోనే ఆట వదిలేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లో కన్నుమూశాడు. మిగతా ఇద్దరికి పద్మశ్రీ దక్కింది, ఆయనకు అర్జునతోనే సరిపెట్టారు. తెలుగునాట ఆయన పేరు తెలిసినవాళ్లు ఇంత తక్కువగా ఉండటం నాకు బాధగా ఉంటుంది.

చివరిసారి ఒలింపిక్స్‌లో ఎప్పుడు ఆడాం?

1960 రోమ్‌లో. హంగరీ చేతిలో 1-2తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుని, పెరూ చేతిలో 1-3తో ఓడి గ్రూప్ దశలోనే వెనుదిరిగాం. అప్పటి నుంచి పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు.

## పతనం, ఆ తర్వాత

ఆసియా కప్‌లో మన రికార్డు ఏమిటి?

5 సార్లు ఆడాం: 1964, 1984, 2011, 2019, 2023.

మొదటిసారే రన్నరప్. 1964లో ఇజ్రాయెల్‌లో నాలుగు జట్లతో జరిగింది. దక్షిణ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించి, ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడాం. మిగతా నాలుగుసార్లూ గ్రూప్ దశ దాటలేదు. 2011 దోహాలో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో కలిపి 13 గోల్స్ సమర్పించుకున్నాం. 2019లో మాత్రం థాయిలాండ్‌ను 4-1తో చిత్తు చేశాం. ఆఖరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకున్నా ముందుకు వెళ్లేవాళ్లం. 90 నిమిషాలు దాటాక ఇచ్చిన పెనాల్టీతో 0-1గా ఓడిపోయాం. ఆ రాత్రే కోచ్ స్టీఫెన్ కాన్‌స్టాంటైన్ రాజీనామా చేశాడు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన 2023 ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

2027 టోర్నీకి అర్హత సాధించలేకపోయాం. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడటంతో దారి మూసుకుపోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ 0-1తో ఓడాం.

అంత బాగా ఆడిన జట్టు ఎందుకు పడిపోయింది?

ఒక్క కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. కొన్ని కారణాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. రహీం పోయాక ఆయన పద్ధతిని కొనసాగించే వ్యవస్థ లేదు. అంతా ఆయన ఒక్కడి బుర్రలో, ఆయన మైదానంలోనే ఉండేది. దేశవాళీ మ్యాచ్‌లు చాలాకాలం 70 నిమిషాలే ఉండేవి. 90 నిమిషాల అంతర్జాతీయ మ్యాచ్‌లో చివరి 20 నిమిషాలు మన వాళ్లకు అలవాటు లేని ఆట అయ్యేది. ఆట కొన్ని ఊళ్లకే, ముఖ్యంగా కలకత్తా క్లబ్‌లకే పరిమితమైంది. క్లబ్‌లు జాతీయ శిబిరాలకు ఆటగాళ్లను వదలడానికి ఇష్టపడేవి కావు. ఆఖరికి హైదరాబాద్ లాంటి కేంద్రం కూడా ఎండిపోయింది.

ఇంకోవైపు జపాన్, కొరియా, గల్ఫ్ దేశాలు లీగ్‌లు, అకాడమీలు, కోచ్‌ల మీద దశాబ్దాల పాటు డబ్బు పెట్టాయి. జాతీయ స్థాయిలో మనకు లీగ్ మొదలైందే 1996లో. మనం వెనక్కి వెళ్లామనడం కన్నా, మనం అక్కడే ఉండిపోతే వాళ్లు చాలా ముందుకు వెళ్లారనడం న్యాయం. చివరిసారి వాళ్లతో సమానంగా నిలిచింది 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో. జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నాం.

ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో ఎంత దూరం వెళ్లాం?

మనం క్వాలిఫయర్స్‌లో నిజంగా తొలిసారి బరిలోకి దిగింది 1986 ప్రపంచకప్ కోసం. ఆసియా క్వాలిఫయర్స్‌లో మూడో రౌండ్‌కు ఎప్పుడూ చేరలేదు.

2026 కోసం చాలా దగ్గరకు వెళ్లాం. కువైట్‌ను వాళ్ల దేశంలో 1-0తో ఓడించాం. కానీ గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడాం. అసలు దెబ్బ అదే. చివరి మ్యాచ్ 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో. గెలిస్తే ముందుకు వెళ్లేవాళ్లం. మన ఆటగాడు ఛాంగ్టే గోల్‌తో 1-0 ఆధిక్యంలో ఉండగా, గోల్‌లైన్ దాటి బయటకు వెళ్లిన బంతిని వెనక్కి లాగి ఖతార్ కొట్టిన గోల్‌ను రిఫరీ ఒప్పుకున్నాడు. వీడియో సమీక్ష సౌకర్యం ఆ మ్యాచ్‌లో లేదు. 1-2తో ఓడాం. ఆ అన్యాయం నిజమే. అయితే ఇంటి మైదానంలో అఫ్గానిస్థాన్ మీద గెలిచి ఉంటే లెక్క అక్కడిదాకా వచ్చేది కాదు.

## ఇప్పటి జట్టు, రికార్డులు

సునీల్ ఛెత్రి ఎన్ని గోల్స్ కొట్టాడు?

95. 2005లో క్వెట్టాలో పాకిస్థాన్ మీద తొలి మ్యాచ్ ఆడి, అందులోనే గోల్ కొట్టాడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 డ్రా అయిన మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పినప్పుడు లెక్క 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. గోల్స్ కొట్టేవాళ్లు లేక 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వది కొట్టాడు. పురుషుల అంతర్జాతీయ గోల్స్‌లో రొనాల్డో, మెస్సీ, అలీ దాయి తర్వాత అతనే. అన్నట్టు, ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న.

నలభైకి చేరిన ఆటగాడిని వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే తప్పు అతనిది కాదు. క్లబ్‌లు గోల్ కొట్టే బాధ్యతను ఏళ్ల తరబడి విదేశీ ఆటగాళ్లకు అప్పగించాయి. సెంటర్ ఫార్వర్డ్‌గా వారం వారం ఆడే భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఫిఫా ర్యాంకింగ్‌లో అత్యుత్తమం, అధమం ఎంత?

అత్యుత్తమం 1996 ఫిబ్రవరిలో 94. అధమం 2015 మార్చిలో 173. ఆ తర్వాత 2017లోనూ 2023లోనూ మళ్లీ వంద లోపలికి వచ్చాం. ర్యాంకింగ్ విధానం 1992 చివర్లో మొదలైంది కాబట్టి 1956, 1962 జట్లకు అధికారిక ర్యాంకులు ఉండవు. ‘ఒకప్పుడు ప్రపంచంలో పదో ర్యాంకు’ లాంటి పోస్టులు చూస్తే నమ్మకండి.

ఈ మధ్య గెలిచిన ట్రోఫీలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. దక్షిణాసియా టోర్నీ శాఫ్ ఛాంపియన్‌షిప్ 9 సార్లు గెలిచాం: 1993, 1997, 1999, 2005, 2009, 2011, 2015, 2021, 2023. చివరిది బెంగళూరులో కువైట్ మీద షూటౌట్‌లో. నెహ్రూ కప్ 2007, 2009, 2012లలో, ఇంటర్‌కాంటినెంటల్ కప్ 2018, 2023లలో గెలిచాం. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్థాన్‌ను 4-1తో ఓడించాం, ఛెత్రి హ్యాట్రిక్. 2011 ఆసియా కప్‌కు చోటు దక్కింది ఆ గెలుపుతోనే.

జట్టు హైదరాబాద్‌లో ఆడుతుందా?

2024లో గచ్చిబౌలి స్టేడియంలో ఆడింది. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో 0-0 డ్రా, సిరియా చేతిలో 0-3 ఓటమి. నవంబరులో మలేషియాతో 1-1 డ్రా. ఆ ఏడాది మొత్తం మీద జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

విదేశాల్లో ఉన్న భారత సంతతి ఆటగాళ్లను ఎందుకు తీసుకోరు?

ఫిఫా నిబంధన ప్రకారం ఆ దేశ పౌరసత్వం ఉండాలి. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. విదేశాల్లోని భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు చాలదు. కాబట్టి ఆడాలంటే పుట్టిన దేశం పాస్‌పోర్టు వదులుకోవాలి. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా అలాగే చేసి 2013లో భారత్‌కు ఆడాడు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని భారతీయుడయ్యాడు.

ఫిఫా మనల్ని నిషేధించిందని విన్నాను, ఎందుకు?

2022 ఆగస్టులో దాదాపు పది రోజులు. ఏఐఎఫ్ఎఫ్ ఎన్నికలు సకాలంలో జరగక, సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ సమాఖ్యను నడిపింది. ఇది బయటివాళ్ల జోక్యమని ఫిఫా సస్పెండ్ చేసింది. కమిటీని రద్దు చేశాక ఎత్తేసింది. సెప్టెంబరులో జరిగిన ఎన్నికల్లో కల్యాణ్ చౌబే అధ్యక్షుడయ్యాడు. మాజీ కెప్టెన్ భాయ్‌చుంగ్ భూటియా 33-1 ఓట్ల తేడాతో ఓడాడు.

మహిళల జట్టు సంగతేంటి?

వాళ్ల రికార్డు పురుషుల కంటే ఆశ కలిగించేలా ఉంది. ఆసియా కప్‌లో రెండుసార్లు రన్నరప్, శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో 5 టైటిళ్లు. 2025 జులైలో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ సంగీత బాస్ఫోర్‌వి. ఆ జట్టులో ఫార్వర్డ్ గుగులోత్ సౌమ్య మన తెలంగాణ అమ్మాయి. పురుషుల జట్టు ఓడినప్పుడు పడే బాధలో సగం శ్రద్ధ వీళ్ల మ్యాచ్‌ల మీద పెట్టినా బాగుంటుంది.

ఒక్కో చోట గోల్స్, మ్యాచ్‌ల లెక్క ఒక్కోలా ఎందుకుంటుంది?

ఏ మ్యాచ్‌ను సీనియర్ అంతర్జాతీయ మ్యాచ్‌గా లెక్కేస్తారన్న దాన్ని బట్టి మారుతుంది. పాత ఒలింపిక్స్, ఆసియా క్రీడల్లో సీనియర్ జట్లే ఆడేవి. 1992 నుంచి ఒలింపిక్స్, 2002 నుంచి ఆసియా క్రీడలు అండర్-23 పోటీలయ్యాయి. వయసు మీరిన ముగ్గురికే చోటు. కాబట్టి 2002 తర్వాతి ఆసియా క్రీడల ఫలితాలను 1951, 1962 వాటి పక్కన పెట్టి పోల్చకూడదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఛెత్రి బంగ్లాదేశ్ మీద పెనాల్టీతో గోల్ కొట్టాడు, ఆ గోల్‌తోనే 1-0గా గెలిచాం. ఆ గోల్ ఆ 95లో లేదు.